మా ఊరి అప్పగింతల లెక్క ఏది? అధికారులకు ఒక బహిరంగ లేఖ

నగరపాలక, రెవెన్యూ, నీటిపారుదల శాఖల అధికారులకు,

నమస్కారం.

మీకు పనులుంటాయి, నేరుగా విషయానికొస్తాను. మాది హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు లోపలి వైపు ఉన్న చిన్న వ్యవసాయపు ఊరు. 2024 సెప్టెంబరులో ఔటర్ లోపలి 51 గ్రామ పంచాయతీలను పక్కనున్న మున్సిపాలిటీల్లో కలిపినప్పుడు మాదీ కలిసింది. ఏడాది దాటగానే ఆ మున్సిపాలిటీయే మహానగరంలో కలిసిపోయింది. రెండేళ్లు నిండకుండా మా ఊరు రెండు చేతులు మారింది. మా బాధలు రాసి మూడుసార్లు అర్జీ పెట్టాం. మూడుసార్లూ రసీదు చేతిలో పెట్టారు. ఒకదానికి జవాబు కూడా వచ్చింది: "సంబంధిత శాఖకు పంపడమైనది" అని. ఆ సంబంధిత శాఖ ఏదో మాకు అంతుపట్టలేదు. అందుకే మూడు శాఖలకూ కలిపి, పదిమందీ చదివేలా ఈ లేఖ రాస్తున్నాను.

నేను ఆర్టీసీలో ముప్పై రెండేళ్లు కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ని. డ్యూటీ దిగాక టికెట్ల నంబర్లు, వేబిల్లు, చిల్లరతో సహా డబ్బు అప్పజెప్పనిదే మమ్మల్ని ఇంటికి పోనిచ్చేవారు కాదు. పది రూపాయలు తక్కువైతే జేబులోంచి కట్టాల్సిందే. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కూడా పని మానేటప్పుడు తాళంచెవుల గుత్తి లెక్కపెట్టి ఇచ్చి పోతాడు. మా వైపు ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు అప్పగింతల్లో ఏడుస్తూనే ఇత్తడి బిందెలెన్నో, గిన్నెలెన్నో చదివి వినిపిస్తారు. మరి ఒక ఊరిని ఊరుగా చేతులు మార్చినప్పుడు అందులో ఏమేం ఉన్నాయో రాసిన కాగితం ఒక్కటైనా తయారైందా? తయారైతే ఎవరు రాశారు, ఎవరు సంతకం పెట్టి తీసుకున్నారు? మేం అడుగుతున్నది ఇదే. మిగతావన్నీ దీని వెనకాల వచ్చే బాధలు.

కొంచెం పాత సంగతి చెప్పాలి, ఓపిక పట్టండి. నిజాం కాలంలో పట్నం చుట్టుపక్కల పల్లెలను అత్రాఫ్ బల్దా అనేవారు. మాది సర్ఫేఖాస్ ఊరు. శిస్తు దివాణీ ఖజానాకు, అంటే సర్కారు ఖజానాకు కాకుండా నిజాం సొంత ఖజానాకు పోయేది. 1949లో సర్ఫేఖాస్ సర్కారులో కలిసింది. అంటే అప్పుడు కూడా ఊరు చేతులు మారింది. కానీ ఆ మార్పు వెనకాలే లెక్క వచ్చింది. 1954-55 ఖాస్రా పహాణీలో ఏ సర్వే నంబరులో ఎవరు కాస్తులో ఉన్నారో, అంటే ఎవరు సాగు చేస్తున్నారో వరుసగా రాసి పెట్టారు. ఈ రోజుకీ భూమి తగాదా వస్తే వకీలు మొదట అడిగేది ఆ కాగితమే. బడి మొహం చూడని మా నాయనకు కూడా "ఖాస్రా" అన్న మాట తెలుసు.

మా తాత ఈ ఊరి నీరటి. చెరువు తూము తీసేదీ మూసేదీ ఆయనే. నాట్ల కాలంలో కంబళి కప్పుకొని కట్ట మీదే పడుకునేవాడు. ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో ఆయన నోట్లో ఉండేది. పంట కోశాక కళ్లం దగ్గర వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి వాళ్లకు కొలిచినట్టే ఆయనకూ మేర, అంటే పనికి ఇచ్చే గింజల వాటా, కొలిచేవారు. చెరువు నిండని ఏడు తైబందీ పెట్టేవారు. ఈ మాట ఇప్పటి పిల్లలకు తెలియదు, బహుశా మీలో కొందరికీ తెలియదు. ఊరి రైతులంతా కట్ట మీద కూర్చొని, ఉన్న నీళ్లు ఎన్ని ఎకరాలకు పారతాయో తేల్చేవారు. తూముకు దగ్గరున్న మడులనే ఆ ఏడు దున్నేవారు. ఆ మడుల్లో దూరపు మడులవాళ్లకు కూడా తలా కొంత వాటా. నీ పొలం తూము పక్కనే ఉంది కదాని నీళ్లన్నీ నీవి కావు.

అంతా చల్లగా సాగిందని నేను చెప్పను. గెట్ల దగ్గర తలలు పగిలాయి. మా వాడ ఆడవాళ్లు ఊరబావి గట్టు కింద ఖాళీ బిందెతో నిలబడి, పైవాళ్లెవరైనా చేదిపోస్తారా అని ఎదురుచూసిన సంగతి మా అమ్మ చెప్తుంటే విన్నాను. పాత ఊరంతా బంగారమని రాసేవాళ్లతో నాకు పేచీ ఉంది. కానీ తగాదా వస్తే పోయి నిలబడటానికి ఒక చోటు, అడగటానికి ఒక మనిషి ఉండేవారు. ఇప్పుడు ఆ చోటే లేదు.

ఇక మా మీద పడ్డ బాధలు.

1. కాగితాలు. పంచాయతీ ఆఫీసుకు తాళం వేశారు. ఇంటి పన్ను రిజిస్టర్లు, పుట్టుకలు చావుల రిజిస్టర్లు, గ్రామసభ తీర్మానాల పుస్తకాలు అందులోనే ఉండిపోయాయి. మొన్న ఎండాకాలంలో ఏదో పని మీద ఆ గది తీసినప్పుడు నేనూ అక్కడున్నాను. రిజిస్టర్లను యూరియా సంచుల్లో కుక్కారు. ఒక సంచి అడుగున తడి. పైన కనిపించిన పుస్తకాన్ని తీయబోతే అట్ట నా చేతికొచ్చింది, కాగితాలు సంచిలోనే ఉండిపోయాయి. వాటిలో ఒక తీర్మానం, నీలం సిరా, గుండ్రటి రాత: కట్ట మీది రెండు వేపచెట్లు కొట్టుకుంటామని ఎవరో అడిగితే సభ ఒప్పుకోలేదని. కింద పదకొండు సంతకాలు, ఆరు వేలిముద్రలు. మా నాయన ముద్ర ఉందేమోనని చూశాను. ఏ ముద్ర ఎవరిదో రాసిన చోట చెదలు తినేశాయి.

ఇది పాత కాగితాల మీది మోజు కాదు. గ్రామకంఠంలోని, అంటే పాత ఊరి నివాస స్థలంలోని ఇళ్లకు రిజిస్ట్రీ దస్తావేజులు ఉండవు. తాత కట్టాడు, తండ్రి ఉన్నాడు, కొడుకు ఉంటున్నాడు. ఇంటి పన్ను రిజిస్టరులో పేరే వాళ్లకున్న ఆధారం. ఇప్పుడు రేకులు తీసి స్లాబు వేసుకోవాలంటే పర్మిషన్‌కు "టైటిల్ డాక్యుమెంటు" అడుగుతున్నారు. పన్ను రసీదు చూపిస్తే అది పంచాయతీది, చెల్లదంటున్నారు. మా వాడలో ఒక అక్క ఉంది. ఆమె పెనిమిటి 2023లో పోయాడు. వితంతు పింఛనుకు మరణ ధ్రువపత్రం కావాలి. చావు రాసిన రిజిస్టరు ఆ సంచుల్లో ఉంది. కొత్త ఆఫీసులో "మా హయాంలో జరిగింది కాదు" అన్నారు. పాత కార్యదర్శి బదిలీ మీద పోయాడు. కూలి పోగొట్టుకుని, ఆటో కిరాయి పెట్టుకుని ఆమె ఎనిమిదిసార్లు తిరిగింది. చచ్చిపోయినవాడు చచ్చిపోయాడని రుజువు చేయడానికి ఎనిమిదిసార్లు.

2. చెరువు. మీ మ్యాపులో మా చెరువు ఒక నీలం మచ్చ. చుట్టూ గీత గీసి ఎఫ్‌టీఎల్ అన్నారు, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు. ఆ గీత బయట కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగాను బఫర్ అన్నారు. మంచిదే. 2012 భవన నిబంధనలు మేమూ చదివించుకున్నాం. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు, పది మీటర్ల లోపు వెడల్పున్న వాగుకో కాల్వకో అయినా 2 మీటర్లు వదలాలి. కానీ నీరటి మనుమడిగా ఒక మాట చెప్తాను. నీళ్లు నిలిచిన గుంతను చెరువు అనరు. నీళ్లు తెచ్చే వాగు, ఆపే కట్ట, వదిలే తూము, ఎక్కువైతే పోయే అలుగు, అన్నీ కలిస్తేనే చెరువు. మా చెరువుకు నీళ్లు తెచ్చే వాగు మీద ఒక వెంచర్ రోడ్డు వేసి కింద రెండు సన్న పైపులు పెట్టింది. తూము నుంచి పొలాలకు పోయే కాల్వ పూడిపోయింది. అలుగు ఎదురుగా ప్రహరీగోడ లేచింది. గీత గీసిన చెరువు గీతలోపల అలాగే ఉంది. దాని ముక్కు, నోరు మూసేశారు.

పట్నం చుట్టూ చెరువులన్నీ గొలుసుకట్టు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. పైది తెగితే కిందిదాని మీద పడుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పట్నాన్ని ముంచాక విశ్వేశ్వరయ్యను పిలిపించి లెక్క తీయిస్తే, మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయని, వాటిలో 221 తెగాయని తేలింది. ఆ లెక్క తరవాతే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. దూరం పోనక్కర్లేదు. 2020 అక్టోబరు 13 రాత్రి గగన్‌పహాడ్ దగ్గర అప్పచెరువు తెగి నీళ్లు బెంగళూరు రోడ్డు మీదికొచ్చాయి, మనుషులు కొట్టుకుపోయారు.

అదే రాత్రి మా ఊళ్లో ఏం జరిగిందో చెప్తాను. పదిన్నరకు కరెంటు పోయింది. అలుగు దాకా వచ్చిన నీళ్లు ప్రహరీగోడను తన్ని వెనక్కు తిరిగి మా వాడలోకి వచ్చాయి. మోకాలి లోతు. మా పెదనాయన కొడుకు, డెబ్భై ఏళ్ల మనిషి, కట్ట మీద నడుస్తూ అరచేత్తో మట్టిని తాకి చూస్తున్నాడు. "ఇంకో జానెడు పెరిగితే కట్ట ఊటెత్తుతది, గోడ కొట్టుండ్రి" అన్నాడు. పిల్లలు గడ్డపారలు తెచ్చి సెల్‌ఫోన్ల వెలుగులో గోడను రెండు గజాల మేర పడగొట్టారు. నీళ్లు ఒక్కసారిగా బయటపడ్డ చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. తెల్లారేసరికి వాడలో నీళ్లు తీశాయి. నెల తరవాత ఇద్దరు పిల్లల మీద ఆస్తి ధ్వంసం కేసు పెట్టారు. వాళ్లు ఇప్పటికీ వాయిదాలకు తిరుగుతున్నారు. అలుగుకు అడ్డంగా గోడ కట్టినవారి మీద మాత్రం ఏ కేసూ లేదు. ఆ గోడ మళ్లీ లేచింది, ఈసారి సిమెంటు ఎక్కువ వేసి.

2015లో మిషన్ కాకతీయ వచ్చినప్పుడు "మన ఊరు, మన చెరువు" అన్నారు. పూడిక తీశారు, ఆ మట్టిని మేమే ట్రాక్టర్లు పెట్టి పొలాలకు తోలుకున్నాం. కట్ట గట్టిపడింది. చేసిన మేలు మరిచిపోము. కానీ ఆ పనులయ్యాక తూము తాళం ఎవరి దగ్గర ఉండాలన్నది ఎవరూ తేల్చలేదు. ఇప్పుడు కాలనీల మురుగు చెరువులోకి, చెరువు నిండా గుర్రపుడెక్క. తూము షట్టర్ తుప్పు పట్టి పైకీ రాదు, కిందికీ పోదు.

3. మిగిలిన రైతులు. "అక్కడ ఇంకా వ్యవసాయం ఎక్కడుందండీ" అని ఒక సారు నన్నే అడిగారు. ఉంది. ఒకప్పుడు మావైపు అనాబేషాహీ ద్రాక్ష పందిళ్లు ఉండేవి. అర్ధరాత్రి ఎడ్లబండి కట్టి మోండా మార్కెట్‌కు పోయేవారు. ద్రాక్ష పోయింది, ఎడ్లు పోయాయి. వరి బాగా తగ్గింది. కానీ పాలకూర, పుదీనా, కొత్తిమీర, గంగవాయిలికూర ఇప్పటికీ పండుతున్నాయి. 1999లో రైతుబజార్లు మొదలైనప్పటి నుంచీ మా ఊరి ఆడవాళ్లు తెల్లవారుజాము బస్సుకు కట్టలు ఎత్తుకుపోతూనే ఉన్నారు. ఆ మొదటి ట్రిప్పు చాలా ఏళ్లు నేనే కొట్టాను. బస్సంతా తడి కొత్తిమీర వాసన. మీరు ఉదయం పప్పులో వేసుకునే కూరలో మా మడిది కూడా ఉండొచ్చు. ఆ మడికి ఇప్పుడు పారేది కాలనీ మురుగు. కలుపు తీసే ఆడవాళ్ల చేతులు పుండ్లు పడుతున్నాయి. వేలి సందులు చూడండి, తెలుస్తుంది.

ఊరు పట్టణమైంది కాబట్టి ఉపాధి హామీ జాబ్ కార్డులు కూడా పనికిరాకుండా పోయాయి. ఎండాకాలంలో మా వాడకు ఆ పనే ఆధారం. కాల్వ పూడిక కూడా ఆ పనిలోనే తీసేవారు. అంటే ఒక్క గీతతో ఇటు కూలీ పోయింది, అటు కాల్వా పోయింది. పేరు మారిన రోజున సెంటు భూమి లేని మనిషి పట్నపు మనిషి అయిపోతాడా?

4. అడిగే చోటు. 2018 పంచాయతీరాజ్ చట్టంలో రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని ఉంది. అన్నీ సక్రమంగా జరిగాయని కాదు, కొన్నిసార్లు సంతకాల పుస్తకం ఇంటింటికీ తిరిగేది. అయినా సర్పంచ్ కనిపిస్తే గల్లా పట్టి అడిగేవాళ్లం. వరుస చూడండి: 2020లో వీఆర్వో, అంటే ఊరి రెవెన్యూ అధికారి, పోస్టే పోయింది. 2023లో వీఆర్ఏలను, అంటే ఊరి రెవెన్యూ సహాయకులను, వేరే శాఖల్లో సర్దారు, వాళ్లతోపాటు నీరటి పని చూసినవాళ్లూ పోయారు. 2024లో పంచాయతీ పోయింది. ఊరి గెట్టు ఎక్కడుందో, తూము ఎక్కడుందో తెలిసిన సర్కారు మనిషి ఇప్పుడు ఒక్కరూ లేరు. ఫోన్‌లో యాప్ ఉందన్నారు. కట్టమైసమ్మ గుడి దగ్గరి వీధిలైటు గురించి అందులో పెట్టాను. మూడో రోజు "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చింది. ఆ రాత్రి టార్చిలైటు పట్టుకునే పోయి చూశాను, పరిష్కారం ఎలా ఉంటుందో అని.

5. పేరు. చిన్న విషయమే. బస్టాపు బోర్డు మీద ఇప్పుడు ఒక ఫంక్షన్ హాలు పేరు ఉంది. ముప్పై రెండేళ్లు నేను నోరారా పిలిచిన ఊరి పేరు అక్కడ లేదు. మా వార్డుకు నంబరు మాత్రం ఉంది.

ఊరిని పట్నంలో కలపొద్దని మేం అనడం లేదు. మంచినీళ్ల పైపులు వస్తాయని, రోడ్లు పడతాయని సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. మా మనుమలు పట్నపు పిల్లలే. మేం అడుగుతున్నవి ఇవి:

మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది, అప్పగింతల పట్టిక. మూడు శాఖల నుంచి ఒక్కొక్కరు వచ్చి ఒక్కరోజు మాతో ఊరంతా నడవండి. చెరువు, వాగు, తూము, అలుగు, కాల్వ, ఊరబావి, బొడ్రాయి, కట్టమైసమ్మ గుడి, పీర్ల కొట్టం, బతుకమ్మ వేసే గట్టు, శ్మశానం, పశువుల తొట్టి, ఏది ఏ సర్వే నంబరులో ఉందో, ఎంత ఉందో, ఇప్పుడు ఎవరి ఆధీనంలో ఉందో రాయండి. చూపించడానికి మా దగ్గర ఇంకా నలుగురైదుగురు ముసలివాళ్లు ఉన్నారు. ఇద్దరికి నడక కష్టం, ఆటో మేమే మాట్లాడుకుంటాం.

రెండోది, ఆ యూరియా సంచులను వానల్లోపు బయటకు తీసి, రిజిస్టర్లు స్కాన్ చేయించి, నకళ్లు ఏ ఆఫీసులో, ఏ బల్ల దగ్గర దొరుకుతాయో నోటీసు బోర్డు మీద రాయండి. అంతవరకు పంచాయతీ పన్ను రసీదును ఆధారంగా ఒప్పుకోండి.

మూడోది, అలుగు దారిలోనూ కాల్వ మీదా సర్వే చేసి హద్దురాళ్లు పాతండి. నిబంధనల్లో ఉన్న రెండు మీటర్లు మాకు వదిలిపెట్టండి, ఎక్కువ అడగడం లేదు. గోడ సంగతి మీరే తేల్చండి. ఆ ఇద్దరు పిల్లల కేసు ఎత్తేయించే దారి చూడండి.

నాలుగోది, తూముకు ఒక మనిషి. జీతమిచ్చి, పేరు రాసి, ఫోన్ నంబరు కట్ట మీద బోర్డుకు కొట్టండి.

ఐదోది, రెండు నెలలకోసారి కట్ట మీద వేపచెట్ల కింద కూర్చుందాం. దానికి గ్రామసభ అని పేరు పెట్టకపోయినా ఫర్వాలేదు, మీలో సంతకం పెట్టగలిగే ఒకరు వస్తే చాలు. తీర్మానం కొట్టుకోనివ్వని ఆ రెండు చెట్లూ ఇంకా ఉన్నాయి.

ఈ లేఖ మీకు చేరిన నెల రోజుల్లో నడిచి చూసే తేదీ చెప్పండి. చెప్పకపోతే పన్నెండు ఇళ్ల పన్ను రసీదులు, అర్జీల రసీదులు పట్టుకుని మీ గేటు దగ్గరికి మేమే వస్తాం. ఆకుకూరల ట్రిప్పు అయిపోయాక, పదింటికి.

మా ఇంటి అటక మీద మా తాత తూము బిరడా లాగడానికి వాడిన ఇనుప కొక్కెం ఉంది. పొడుగు నా భుజం దాకా వస్తుంది, పిడి దగ్గర ఆయన చేయి పట్టి పట్టి నున్నగా అరిగింది. షట్టర్ వచ్చాక దానితో పని లేకుండా పోయింది గానీ అది మా సొంతం కాదు, ఊరిది. ఇన్నేళ్లూ మా దగ్గర ఉంచుకున్నాం, అంతే. మీరు నడవడానికి వచ్చిన రోజు పట్టికలో దాన్ని కూడా రాసుకుని తీసుకుపోండి. రసీదు మాత్రం ఇవ్వాలి.

ఇట్లు,
ఒక నీరటి మనుమడు, రిటైర్డ్ కండక్టరు,
ఊరివాళ్ల తరఫున